మలుపు లేని రోడ్డు

1978 అక్టోబరు 2, సోమవారం

ఎరువుల కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ దేవుడి గూట్లో పంచాంగం కింద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి ముందేసుకున్నాను.

ఆఫీసుకి కొత్త అంబాసిడర్ వచ్చింది. తెల్లది. రేపటి నుంచి ప్రతి మంగళవారం మా ఆఫీసరు నారాయణమూర్తి గారిని విశాఖపట్నం మీటింగుకి తీసుకెళ్ళి తీసుకురావాలి. ఇన్నేళ్ళూ నా బతుకంతా జీపు, ఘాట్ రోడ్డు. నర్సీపట్నంలో బయల్దేరి డౌనూరు దాటి కొండెక్కడం, లంబసింగి మంచులో తడవడం, చింతపల్లి కాఫీ తోటల దాకా వెళ్ళి దిగి రావడం. బండి మీద గీత పడనివ్వలేదు. మొదట్లో మా వాళ్ళంతా “తాత యజ్ఞాలు చేశాడు, మనవడు గేర్లు మారుస్తున్నాడు” అని నవ్వారు. తర్వాత ఆ నవ్వినవాళ్ళే కొండ మీదికి వెళ్ళాల్సి వస్తే “యాజులు బండయితేనే ఎక్కుతాం” అన్నారు.

హైవే మీద ఎప్పుడూ నడపలేదు. అయితే ఏం? కొండని నడిపినవాడికి చదును నేల ఒక లెక్కా? నాకు భయమేమీ లేదు. నిద్ర పట్టక రాస్తున్నానంతే.

మా ఆవిడ బాలాంబ చక్రాల కింద పెట్టమని నిమ్మకాయలు ఇచ్చింది. “మంగళవారం పూట ప్రయాణం ఏవిటండీ, మీ ఆఫీసరు గారికి ఇంకో వారం దొరకలేదా?” అని సణిగింది. కారు సర్కారుదే అయినా దిష్టి మనదేనట.

అక్టోబరు 3

వెళ్ళాం, వచ్చాం. బాగానే ఉంది.

అక్టోబరు 4

బాగానే ఉందని రాశాను కానీ పూర్తిగా నిజం కాదు. నాకోసం రాసుకునే దాంట్లో కూడా దాపరికం ఎందుకు?

తాళ్ళపాలెం దగ్గర మన రోడ్డు వెళ్ళి హైవేలో కలుస్తుంది. మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డది. ఎక్కగానే నాకు ఏమీ తోచలేదు. ఒక పక్క కొండ లేదు, ఇంకో పక్క లోయ లేదు. ఎంత దూరం చూస్తే అంత దూరమూ రోడ్డే. ఘాట్‌లో చూపు ఎప్పుడూ మలుపు దాకానే. అక్కడి దాకా చూసుకుంటే చాలు, ఆ పైది ఆ పైన చూసుకోవచ్చు. ఇక్కడ చూపు ఎక్కడ ఆపుకోవాలో తెలియదు.

అనకాపల్లి దగ్గర శారదా నది వంతెన దిగుతున్నాను. ఎదురుగా బెల్లం లారీ ఒకటి మూలుగుతూ ఎక్కి వస్తోంది. ఘాట్‌లో ఒక మర్యాద ఉంది. ఎక్కే బండికి దిగే బండి ఆగి దారివ్వాలి. ఎక్కేవాడు మధ్యలో ఆగిపోతే మళ్ళీ కదల్లేడు. నా కాలు నన్ను అడక్కుండానే బ్రేకు తొక్కేసింది. రెండు బళ్ళు హాయిగా పట్టే రోడ్డు మీద, నట్టనడుమ, ఆ లారీకి దారిస్తూ నేను ఆగిపోయాను. వెనక కీచుమని చక్రాల చప్పుడు. ఇంకో లారీ నా డిక్కీకి జానెడు దూరంలో ఆగింది. అందులోంచి తల బయటపెట్టినవాడు మన గొలుగొండ సింగన్న.

“ఏటండీ యాజులు గారూ! ఇదేటి లంబసింగి అనుకున్నారేటి? నడిమజ్జిన ఆపీసినారు! ఎనకాల ఒకడొస్తన్నాడని సూసుకోరా?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఘాట్‌లో అద్దం క్రాఫు దువ్వుకోవడానికే పనికొచ్చేది. ముందు మలుపూ పక్కన లోయా ఉంటే వెనక ఏముందో ఎవడికి కావాలి? ఇక్కడ వెనక్కి చూడకుండా ముందుకు పోకూడదని ఇన్నేళ్ళొచ్చాక నేర్చుకోవలసి వచ్చింది.

నారాయణమూర్తి గారు వెనక సీట్లో లేచి “ఏమైందయ్యా?” అన్నారు. “ఏం లేదండీ, మర్యాద” అన్నాను. ఆయన మళ్ళీ పడుకున్నారు. “నువ్వు నడుపుతుంటే ఇంట్లో మంచం మీద పడుకున్నట్టే ఉంటుందయ్యా” అంటారు ఎప్పుడూ.

అక్టోబరు 10, మంగళవారం

నిద్ర కాదు. ఇది ముందు రాసుకోవాలి. కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

తాళ్ళపాలెం దాటాక రోడ్డుకి అటూ ఇటూ చింతచెట్లు. పొద్దుటి ఎండ వాటి సందుల్లోంచి పడి అద్దం మీద చారలు చారలుగా పోతోంది. వెలుగూ నీడా, వెలుగూ నీడా. గేరు మార్చే పని లేదు, హారన్ కొట్టే పని లేదు. ఇంజను ఒకే శ్రుతిలో ఉంది. వెనక ఆఫీసరు గారి గురక కూడా అదే శ్రుతిలో కలిసింది. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

అప్పుడు పక్క సీట్లో సుభద్ర కూర్చుని ఉంది.

మా సుభద్ర. మాకు ఒక్కతే. మూడేళ్ళ కిందట విషజ్వరం వచ్చి తొమ్మిదో ఏట పోయింది. బడి సెలవులిస్తే నాతో జీపెక్కేది. ఘాట్‌లో దానికి ఒక ఉద్యోగం ఉండేది. ప్రతి మలుపు ముందూ “హారన్, నాన్నా!” అనాలి. నేను ఒకవేళ ముందే కొట్టేస్తే మూతి ముడుచుకునేది. చివరికి మలుపు తెలిసినా దాని మాట కోసం ఆగేవాణ్ణి.

ఇవాళ అలాగే ముందుకి వంగి, డాష్‌బోర్డు మీద గడ్డం ఆనించి కూర్చుంది. రోడ్డు కేసి చూసి చూసి, “మలుపు ఎప్పుడొస్తుంది నాన్నా?” అంది.

“వస్తుందమ్మా” అన్నాను.

అంతలో కశింకోట వచ్చేసింది. కొట్లు, సైకిళ్ళు, జనం. తాళ్ళపాలెం నుంచి కశింకోట దాకా బండి ఎవరు నడిపారో నాకు తెలియదు.

అక్టోబరు 11

బాలాంబకి చెప్పలేదు. మా ఇంట్లో దాని పేరు ఎత్తం. ఎత్తొద్దని ఎవరూ అనుకోలేదు. మొదటి ఏడాది ఆమె ఏడుస్తుందని నేనూ, నేను ఏడుస్తానని ఆమే ఊరుకున్నాం. తర్వాత అదే అలవాటైపోయింది. ఇప్పుడు కొత్తగా ఎలా మొదలుపెట్టడం?

అక్టోబరు 17, మంగళవారం

వచ్చింది. మళ్ళీ అదే మాట అడిగింది. ఈసారి పసుపు గౌను వేసుకుంది. కాళ్ళు ఇంకా నేలకి అందటం లేదు.

దారిలో ఎవరినీ గుద్దలేదు. అంటే బాగానే నడుపుతున్నాననే కదా.

అక్టోబరు 22, ఆదివారం

సంతలో టీ బడ్డీ దగ్గర సింగన్న కనిపించాడు. వంతెన మీది సంగతి అందరికీ చెప్పి నవ్వించాడు. నేనూ నవ్వాను. జనం పల్చబడ్డాక మెల్లగా అడిగాను. మా స్నేహితుడొకడు ఉన్నాడని, హైవే ఎక్కితే వాడికి మెలకువలోనే కలలాగా వస్తోందని చెప్పాను.

సింగన్న నవ్వడం మానేశాడు. “మీ సావాసగాడికి సెప్పండి, తిన్నటి రోడ్డు మాయదారిదండి. మలుపున్నకాడ మడిసి మెలకువగుంటాడు. తిన్నగుంటే జోకొట్టీసినట్టే. పచ్చిమిరపకాయి నమలమనండి. తడితుండు మెళ్ళో ఏసుకోమనండి. మా కిలీనరున్నాడు సూడండి, ఒసపిట్టలాగ ఒకటే వాగుడు. ఆడికి జీతమిచ్చీదే ఆ వాగుడికి.”

“మా... వాడి పక్కన మాట్లాడేవాళ్ళు లేరు. ఆఫీసరు గారు నిద్రపోతారు.”

అన్నాక నాలుక కరుచుకున్నాను. సింగన్న విననట్టే టీ తాగాడు. పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసి, “ఎనక నిద్దరోయీవోళ్ళు మనల్ని నమ్మీసి నిద్దరోతారండి” అన్నాడు.

అక్టోబరు 24, మంగళవారం

మిరపకాయ నమిలాను. కళ్ళలోంచీ ముక్కులోంచీ ధారలు. నారాయణమూర్తి గారు అద్దంలో నన్ను చూసి, “ఇంట్లో ఏదైనా కష్టమా యాజులూ?” అన్నారు. మిరపకాయండీ అన్నాను. ఆయన నమ్మలేదు. పాపం, అనకాపల్లి దాకా నన్ను ఓదారుస్తూనే ఉన్నారు.

సుభద్ర రాలేదు. మంచిదే కదా. మంచిదే.

తిరుగు ప్రయాణంలో మిరపకాయ నమలడం మరిచిపోయాను. వచ్చింది.

అక్టోబరు 31, మంగళవారం

మిరపకాయలు ఇంటి దగ్గరే మరిచిపోయాను.

నవంబరు 7, మంగళవారం

ఇవాళా మరిచిపోయాను.

నవంబరు 11

బుధవారం నుంచి సోమవారం దాకా రోజులు గడవటం లేదు. జీపులో చింతపల్లి వెళ్ళి వస్తున్నాను. మలుపులన్నీ అలాగే ఉన్నాయి. పక్క సీట్లో ఎవరూ లేరు. ఘాట్‌లో ఎందుకు రాదు? అక్కడ నేను రెప్ప వెయ్యను కనక. హైవే మీద రోడ్డు నన్ను వదిలేస్తుంది, నేనూ రోడ్డుని వదిలేస్తాను. అప్పుడు వస్తుంది.

రాసినదాన్ని మళ్ళీ చదువుకున్నాను. వదిలేస్తాను అని రాశాను. డ్రైవరు రాయవలసిన మాట కాదు. కొట్టేద్దామనుకుని కొట్టెయ్యలేదు.

నవంబరు 14, మంగళవారం

అక్షరాలు వంకర పోతున్నాయి.

కశింకోట ఇంకా రాలేదు. చెరకు బళ్ళు రోడ్డు వారగా వరసగా పోతున్నట్టు ఎక్కడో తెలుస్తూనే ఉంది. సుభద్ర వచ్చింది. “మలుపు ఎప్పుడొస్తుంది నాన్నా?” అంది. ఇన్ని మంగళవారాలుగా దాన్ని ఓరకంటనే చూస్తున్నాను. తిన్నగా చూస్తే పోతుందేమోనని భయం. ఇవాళ ఉండబట్టలేక తల తిప్పాను. దాని మొహం చూద్దామని.

బరబరమని చప్పుడు. చెరకు కొసలు కారు ఎడమ పక్కన రాసుకుంటూ కిటికీలోంచి లోపలికి దూసుకొచ్చాయి. నా ఎడమ మోచెయ్యి చీరుకుపోయింది. బండిని కుడికి లాగి ఆపాను. ఎడ్లు బెదిరి పక్కకి లాగేస్తుంటే రైతు పలుపులు పట్టుకుని వేలాడుతున్నాడు. చెరకు బండి పక్కన నడుస్తున్న ముసలామె కింద పడి ఉంది. ఆమె తెచ్చుకున్న చద్దన్నం తారు మీద ఒలికిపోయింది.

పరిగెత్తాను. దెబ్బేమీ తగల్లేదు. కారుకి భయపడి వెనక్కి గెంతబోయి పడింది. జోగులమ్మట పేరు. ఆ రైతు ఆమె మొగుడు సోములు. అతను తిట్టనారంభించాడు. “కళ్ళున్నాయా నేవా నీకు? ఇంకో మూరెడిటొస్తే ముసిల్దాన్ని సంపీసుందువు!” తిట్టనీ, ఇంకా తిట్టనీ అని నిలబడ్డాను. ఆ ముసలామె మాత్రం నా చెయ్యి పట్టుకుని లేచి, నా మోచేతి మీది నెత్తురు తన కొంగుతో అద్దింది.

“నిద్దరోయావేటి బాబూ? ఊరుకో, వొణికిపోకు. ఇంటికాడ పిల్లలు ఎదురు సూస్తంటారు గదా. బేగెల్లాలనుంటాది గానీ, సూసుకునెళ్ళు నాయినా.”

ఒంగి ఆమె చద్దన్నం గిన్నె తీసి చేతికిచ్చాను. 

కారు దగ్గరికి వచ్చేసరికి పక్క సీటంతా చెరకు ఆకులు. సుభద్ర కూర్చునే చోట. వెనక ఆఫీసరు గారు లేచి కళ్ళు నులుముకుంటున్నారు. “ఏం తగిలిందయ్యా?” “చెరకు ఆకులండీ.” “అంతేనా” అని మళ్ళీ ఒరిగారు. ఇంకో మూరెడు ఎడమకి పోయి ఉంటే ఒక ప్రాణం పోయేది. రెండేమో. ఆయన అంతేనా అన్నారు.

నవంబరు 15

ఇక హైవే మీద నడపలేను, నన్ను మళ్ళీ జీపు మీదే వేయించండి అని ఆఫీసరు గారికి కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. కారణం నడుం నొప్పి అని రాశాను.

సాయంత్రం బాలాంబ మోచేతికి పసుపు రాస్తూ, “ఘాట్‌లో ఇన్నేళ్ళూ లేనిది ఇదేవిటండీ?” అంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచాను. నోరు మాత్రం నిజం చెప్పేసింది. అంతా చెప్పాను. చింతచెట్లు, చారలు, పక్క సీటు, మలుపు ఎప్పుడొస్తుందని అడగడం. ముసలామె మాట కూడా. 

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. పసుపు గిన్నె కింద పెట్టి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. తర్వాత,

“ఏ గౌను వేసుకుంది?” అంది.

“పసుపుది. బుట్ట చేతులది.”

“నేను కుట్టిందే. జడలు వేసుకుందా? విరబోసుకుందా?”

“రెండు జడలు.”

“నాకు ఒక్కసారి కూడా కనపళ్ళేదండీ. రోజూ పడుకునే ముందు రమ్మని అడుగుతాను. మీకైతే అడక్కుండానే వచ్చింది.” ఆమె గొంతులో కోపం ఉంది. నా మీదో, దాని మీదో తెలియలేదు. “ఆ కాగితం అప్పుడే ఇవ్వకండి. ముందు నన్నొకసారి అక్కడికి తీసుకెళ్ళండి.”

నవంబరు 18

నారాయణమూర్తి గారు హైదరాబాదు వెళ్ళారు. మంగళవారం రైలు దిగుతారు, విశాఖ స్టేషనుకి ఖాళీ బండి తీసుకెళ్ళాలి. మా ఆవిడని కూడా తీసుకురావచ్చా అని వెళ్ళేముందే అడిగాను. “ఇదేం ప్రశ్నయ్యా, సముద్రం చూపించు” అన్నారు. ఆమె చూడదల్చుకున్నది సముద్రం కాదు.

నవంబరు 21, మంగళవారం

పొద్దున్నే బయల్దేరాం. బాలాంబ ముందు సీట్లో కూర్చుంది. పెళ్ళయ్యాక నేను నడిపే బండిలో ముందు కూర్చోవడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ వెనకే, ఆవకాయ జాడీల పక్కన. కూర్చుంటూ తలుపు వైపు బాగా ఒదిగింది. సగం సీటు ఖాళీగా వదిలింది. ఎందుకో అర్థమైంది.

బండి నడిపేటప్పుడు నేను మాట్లాడను. ఘాట్‌లో డ్రైవరు నోరు మూసుకోవాలి, ఎక్కినవాళ్ళు కూడా. అది మా పద్ధతి. బాలాంబకి ఈ పద్ధతులు తెలియవు. ఊరు దాటకముందే మొదలుపెట్టింది. మూడేళ్ళు నోట్లో కుక్కుకున్నదంతా అన్నమాట.

“మీరు డ్యూటీకి వెళ్ళగానే అదేం చేసేదో తెలుసా? రుబ్బురోలు మీద ఎక్కి కూర్చునేది. కంచం స్టీరింగు. అట్లకాడ గేరు. మీలాగే గొంతు సవరించుకునేది మొదట. ‘ఎవరూ మాట్లాడకూడదు, ఘాట్ వచ్చింది’ అని నన్ను కసురుకునేది.”

“నాకెప్పుడూ చెప్పలేదేం?”

“మీరు దగ్గినట్టే దగ్గేది మరి. మీకు ఒళ్ళు మండుతుందని చెప్పలేదు. ‘మా నాన్న హారన్ కొడితే కొండ పక్కకి తప్పుకుంటుంది’ అని పక్కింటివాళ్ళకి కోతలు కోసేది.”

నవ్వొచ్చింది. నవ్వాను. దాని గురించి నవ్వి మూడేళ్ళయింది. బాలాంబ నా కేసి విడ్డూరంగా చూసి తనూ నవ్వింది. తాళ్ళపాలెం వచ్చేదాకా అట్లకాడ గేరు కథే చెప్పుకున్నాం. నేనూ చెప్పాను. లంబసింగిలో మంచు ఉండలు కట్టి జేబులో ఇంటికి తీసుకెళ్తానని అది పేచీ పెట్టిన సంగతి ఆమెకి తెలియదు.

హైవే ఎక్కాక, చింతచెట్లు మొదలవగానే ఆమె మాట ఆపేసింది. ఇదేనా అని కళ్ళతో అడిగింది. తలూపాను. ఎండ చారలు అద్దం మీద పోతున్నాయి. వెలుగూ నీడా. ఇంజను అదే శ్రుతి. రోడ్డు నన్ను మెల్లగా వదిలేస్తోందని తెలిసింది. నేను మాత్రం వదల్లేదు. అద్దంలో చూశాను, వెనక దూరంగా ఒక బస్సు. ముందు ఒక సైకిలు, దాని వెనక కట్టిన పాల క్యాను. ఎడమ పక్కన మట్టి, మట్టికీ తారుకీ మధ్య అంచు. ఒక్కొక్కటీ చూశాను. నా పక్కన బాలాంబ ఉంది. ఆ ముసలామె లాంటి ముసలామెలు దారంతా నడుస్తున్నారు.

“ఏదండీ?” అంది బాలాంబ.

“రాలేదు.”

“నేను కూర్చున్నందుకా?”

“కాదు. నేను మెలకువగా ఉన్నందుకు.”

ఆమె ఖాళీగా వదిలిన సగం సీటు మీద అరచెయ్యి వేసింది. ఏడ్చింది. చాలా నెమ్మదిగా, నా చూపు రోడ్డు మీంచి కదపకూడదన్నట్టు ఏడ్చింది. నేను బండి వేగం తగ్గించి, ఎడమ పక్కన నడిపాను. వెనక బస్సు మమ్మల్ని దాటిపోయింది. పోనిచ్చాను.

కశింకోట కనిపిస్తుండగా కళ్ళు తుడుచుకుంది.

“హారన్ కొట్టండి” అంది.

ముందు ఎవరూ లేరు. మలుపూ లేదు. “ఎవరూ లేరుగా?” అన్నాను.

“కొట్టండి.”

కొట్టాను. చింతచెట్ల మీది కాకులు లేచాయి. బాలాంబ మొహంలో సుభద్ర ముడుచుకున్న మూతి ఒక్క క్షణం కనిపించి, విడిపోయింది. ఇంకోసారి కొట్టాను.

నవంబరు 22

జేబులో కాగితం బాలాంబ పొయ్యిలో పెట్టేసింది. నడుం నొప్పి ఉన్నవాడు మంచం మీద పడుకోవాలి కానీ జీపెక్కుతాడా, అంది.

నవంబరు 28, మంగళవారం

నారాయణమూర్తి గారు అలవాటు ప్రకారం వెనక తలుపు తీశారు.

“అయ్యా, మీరు ముందు కూర్చోవాలి” అన్నాను. “హైవే మీద నాకు మాట లేకపోతే కుదరదు. కల వస్తుంది. చెరకు బళ్ళ దగ్గర ఆ రోజు ఆకులు కాదు తగిలినవి, ఇంచుమించు ఒక మనిషి.”

ఆయన కోప్పడతారనుకున్నాను. డ్రైవరుని మారుస్తారనుకున్నాను. వెనక తలుపు మూసి, చుట్టూ తిరిగి వచ్చి ముందు కూర్చున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

“నాకు మాటలు రావయ్యా. ఏం మాట్లాడమంటావు?”

“మీరు వింటే చాలండీ” అని బండి స్టార్టు చేశాను. అద్దం సరిచేసుకుని వెనక చూశాను, ముందు చూశాను. “సుభద్ర అని మాకో అమ్మాయి ఉండేది.”